అమ్మానాన్నల ఉద్యోగం పోతే కాలేజీ ఆర్థిక సాయం ఏమవుతుంది? అమెరికాలోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

లేఆఫ్ మెయిల్ వచ్చిన ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఇంటి వాయిదా తర్వాత గుర్తొచ్చేది ఫీజే. అమెరికా కేంద్ర ప్రభుత్వ చదువు సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు, కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసు, వీసా, ఇండియాలో ఉన్న ఆస్తులు అన్నీ కలిసి చిక్కుపడే చోట మనవాళ్లు ఏం అడుగుతారో ఆ ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉద్యోగం పోయిన సంగతి ఫాఫ్సాకి దానంతట అది తెలియదు. మీరే చెప్పాలి. కాలేజీలో కూర్చున్న మనిషికి, కాగితాలతో సహా, వీలైనంత తొందరగా చెప్పాలి. పరువు పోతుందని నోరు మూసుకున్న ఇళ్లకి రావలసిన డబ్బు రాకుండా పోతుంది. ఈ పేజీ రాయడానికి కారణం అదే.

మావారి ఉద్యోగం మార్చిలో పోయింది. ఫాఫ్సాలో ఆ విషయం ఎక్కడ రాయాలి?

ఎక్కడా రాయలేరు, దానికంటూ ఒక గడి లేదు. ఫాఫ్సా అడిగేది రెండేళ్ల కిందటి ఆదాయం. 2026–27 విద్యా సంవత్సరానికి 2024 ట్యాక్స్ రిటర్న్ చూస్తారు. మీరు సమ్మతి ఇవ్వగానే ఆ అంకెలు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చేస్తాయి. అలా వచ్చిన అంకెల్ని మీరు మార్చలేరు, మార్చాలని చూడకూడదు కూడా. "ఇప్పుడు జీతం లేదు కదా" అని ఆదాయం దగ్గర సున్నా వేయాలనిపించడం సహజమే, కానీ తప్పుడు అంకె మీద సంతకం పెట్టినట్టవుతుంది.

కాబట్టి ముందు ఫాఫ్సాని 2024 అంకెలతో ఉన్నదున్నట్టు పూర్తి చేయండి. ఎస్‌ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అనే సూచీ, అంటే మీ ఇల్లు చదువుకి ఎంత పెట్టగలదో అంచనా వేసే అంకె, ఎంత పెద్దగా వచ్చినా కంగారు పడొద్దు. 2024–25కి ముందు ఈఎఫ్‌సీ అని ఉండేదానికి బదులు వచ్చింది ఇదే. ఆ తర్వాత కాలేజీకి రాయాలి. అది రెండో అడుగు, అసలు అడుగు కూడా అదే.

ఏ ఏడాది ఆదాయం ఎప్పుడు లెక్కలోకి వస్తుంది?

2025–26 చదువుకి 2023 ఆదాయం, 2026–27కి 2024, 2027–28కి 2025, 2028–29కి 2026. అంటే 2026లో ఉద్యోగం పోతే ఆ తగ్గిన ఆదాయం ఫాఫ్సాలో తనంతట తాను కనిపించేది 2028–29లో. ఈలోపు పిల్ల కాలేజీ సగం దాటిపోతుంది. పైగా 2024లో కంపెనీ షేర్లు అయిన ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయ్యి (మీ సొంతమై), బోనస్ వచ్చి ఉంటే అన్నీ డబ్ల్యూ-2 అనే జీతం పత్రంలో కలిసిపోయి, మీరు ఎన్నడూ చేతితో చూడనంత పెద్ద అంకె ఫాఫ్సాలో కూర్చుంటుంది. ఉన్న జీతమూ పోయి, పాత జీతానికి తగ్గ ఫీజు కట్టమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ తేడాని సరిచేయడానికే చట్టంలో ఒక దారి పెట్టారు.

ఆ దారి ఏమిటి? ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటే ఇదేనా?

ఇదే. ఉన్నత విద్యా చట్టంలోని 479ఏ సెక్షన్ ప్రకారం ప్రతి కాలేజీలోని ఫైనాన్షియల్ ఎయిడ్ అధికారికి ఒక అధికారం ఉంది. కుటుంబ పరిస్థితి నిజంగా మారిందని కాగితాలు చూపిస్తే, ఫాఫ్సాలోని ఆదాయపు అంకెల్ని తగ్గించి ఎస్‌ఏఐని మళ్లీ లెక్క కట్టవచ్చు. దీన్ని కొన్ని కాలేజీలు "స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అప్పీల్" అంటాయి, కొన్ని "ఇన్‌కమ్ రివ్యూ" అంటాయి. పేరు ఏదైనా పని ఒకటే.

మూడు సంగతులు బాగా గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది ఒక్కొక్క కుటుంబానికి విడివిడిగా తీసుకునే నిర్ణయం. పక్కింటివాళ్లకి వచ్చింది కాబట్టి మనకీ రావాలని లేదు. రెండు, ఒక కాలేజీ తగ్గించినంత మాత్రాన ఇంకో కాలేజీకి సంబంధం లేదు. పిల్లవాడు ఆరు కాలేజీలకి అప్లై చేస్తే ఆరు చోట్లా విడిగా అడగాలి. మూడు, కాలేజీ నిర్ణయమే చివరిది. దాని మీద కేంద్ర విద్యాశాఖకి అప్పీలు లేదు. అలాగని "మా దగ్గర ఎవరికీ ఇవ్వం" అని గుండుగుత్తగా చెప్పే వీలు కాలేజీలకి లేదు. ఫాఫ్సా సరళీకరణ చట్టం ఆ వైఖరిని నిషేధించింది. ఇలా అడిగే వీలుందని అందరికీ కనిపించేలా ప్రకటించాలని కూడా అదే చట్టం చెప్పింది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మీరు దానం అడగడం లేదు.

ఫాఫ్సా వెరిఫికేషన్‌కి (వివరాల తనిఖీకి) ఎంపికై ఉంటే ముందు అది పూర్తి చేయాలి. అది పెండింగ్‌లో ఉంటే అప్పీలు ఫైలు కదలదు.

లెటర్‌లో ఏం రాయాలి? నాకు ఇంగ్లీషులో అంత బాగా రాయడం రాదు.

బాగా రాయాల్సిన పని లేదు, స్పష్టంగా ఉంటే చాలు. ఒక పేజీ దాటనివ్వకండి. కష్టాలన్నీ ఏకరువు పెడితే చదివే అధికారికి కావలసిన అంకె దొరకదు. ఆ అధికారి మీ ఫైలులో చేయాల్సింది ఒకటే: పాత అంకె తీసి కొత్త అంకె వేయడం. ఆ కొత్త అంకె, దాని రుజువు మీరే చేతికి అందించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి సాఫ్ట్‌వేర్, తల్లి ఒక డేకేర్‌లో పని చేస్తారు, ఇద్దరు పిల్లలు. 2024లో ఇంటి ఆదాయం 1,86,000 డాలర్లు. 2026 మార్చి చివర తండ్రి ఉద్యోగం పోయింది. లెటర్ గుండెకాయ ఇలా ఉండాలి: జనవరి నుంచి మార్చి వరకు తండ్రి జీతం 38,000. సెవరెన్స్ 24,000. నిరుద్యోగ భృతి వారానికి 450 చొప్పున 26 వారాలకి 11,700. తల్లి జీతం ఏడాదికి 31,000. 2026 మొత్తం అంచనా 1,04,700. ప్రతి అంకె పక్కన "జతపరచిన కాగితం 1, 2, 3" అని రాయండి. ఉద్యోగం పోయిన తేదీ మొదటి వాక్యంలోనే రావాలి. చివర ఒక్క వాక్యంలో ఏం కోరుతున్నారో చెప్పండి: 2024 ఆదాయానికి బదులు ఈ అంచనాతో ఎయిడ్ మళ్లీ లెక్క కట్టండి అని. అంతే.

కొన్ని కాలేజీలు జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క అడుగుతాయి, కొన్ని రాబోయే పన్నెండు నెలలది అడుగుతాయి. ఏది కావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పై కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది. రాబోయే పన్నెండు నెలల లెక్క అయితే అందులో తండ్రి జీతమే ఉండదు.

కొత్త ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు కదా అంటారా? తెలియదనే రాయండి. వెతుకుతున్నామని, ఇప్పటికి ఆఫర్ ఏదీ చేతిలో లేదని రాస్తే సరిపోతుంది.

ఏయే కాగితాలు పెట్టాలి?

టెర్మినేషన్ లెటర్ లేదా లేఆఫ్ నోటీసు. పెద్ద కంపెనీ అయి మూకుమ్మడి తొలగింపులకి ముందే చెప్పాలనే వార్న్ చట్టం కింద నోటీసు ఇచ్చి ఉంటే అది ఇంకా మంచిది. చివరి పే స్టబ్, అందులో ఏడాది మొదటి నుంచి వచ్చిన మొత్తం కనిపించాలి. సెవరెన్స్ ఒప్పందం. నిరుద్యోగ భృతి మంజూరు పత్రం. పని చేస్తున్న రెండో వ్యక్తి తాజా పే స్టబ్. 2024, 2025 ట్యాక్స్ రిటర్న్‌లు. పాత కంపెనీ వైద్య బీమాని కొనసాగించే కోబ్రా ఇన్సూరెన్స్ కడుతుంటే ఆ బిల్లు కూడా జత చేయండి. కంపెనీ కట్టే వాటా కూడా మీ మీదే పడి, ప్రీమియం మొత్తం మీద 2 శాతం అదనంగా కలిపి కట్టాలి. వైద్య ఖర్చుల్ని కూడా ఎయిడ్ అధికారి లెక్కలోకి తీసుకోవచ్చు.

హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి నిరుద్యోగ భృతి దొరకడం చాలా రాష్ట్రాల్లో కష్టం. భృతి పత్రం లేదని అప్పీలు మానేయకండి, టెర్మినేషన్ లెటర్, చివరి పే స్టబ్ ఉంటే అడగవచ్చు.

కన్సల్టెన్సీల్లో "బెంచ్" మీద ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ జీతం ఆపేసింది, కానీ తీసేసినట్టు కాగితం ఇవ్వదు. చట్టం ప్రకారం హెచ్-1బి ఉద్యోగికి ప్రాజెక్టు లేకపోయినా యజమాని జీతం ఇవ్వాల్సిందే. "జీతం లేకుండా బెంచ్ మీద ఉన్నాను" అని కాలేజీకి రాసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇక్కడ ఎయిడ్ కంటే స్టేటస్ పెద్ద విషయం.

అప్పీలు ఒప్పుకుంటే ఎంత వస్తుంది?

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లేకపోతే తర్వాత నిరాశ ఎక్కువ.

పెల్ గ్రాంట్ తిరిగి కట్టక్కర్లేని కేంద్ర సాయం. 2025–26లో గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు. తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇంట్లో ఆదాయం పేదరికపు గీతకి 1.75 రెట్లు దాటకపోతే గరిష్ఠ పెల్ వస్తుంది. ఒంటరి తల్లి లేదా తండ్రి అయితే 2.25 రెట్లు. నలుగురున్న ఇంటికి 2024 గీత 31,200 డాలర్లు, 1.75 రెట్లంటే 54,600. పై ఉదాహరణలో 2026 అంచనా 1,04,700 కాబట్టి ఆ లెక్కతో పెల్ వచ్చే అవకాశం తక్కువే. అదే కాలేజీ రాబోయే పన్నెండు నెలల లెక్క తీసుకుని, తల్లి జీతం 31,000, భృతి 11,700 మాత్రమే మిగిలాయనుకోండి, 42,700 అవుతుంది. ఆ ఇంటి పిల్లకి గరిష్ఠ పెల్ వచ్చే అర్హత ఏర్పడుతుంది. కుటుంబం ఒకటే, కష్టం ఒకటే. ఏ పన్నెండు నెలలు లెక్క కట్టారన్నదే తేడా. అందుకే ఆ ప్రశ్న ముందే అడగమన్నది.

పెల్ రాకపోయినా ఎస్‌ఏఐ తగ్గితే సబ్సిడైజ్డ్ లోన్ (చదివేటప్పుడు వడ్డీ ప్రభుత్వమే కట్టేది), వర్క్-స్టడీ (చదువుతూ చేసే పని), రాష్ట్ర గ్రాంట్, కాలేజీ సొంత గ్రాంట్ తలుపులు తెరుచుకోవచ్చు. సొంత డబ్బు బాగా ఉన్న ప్రైవేటు యూనివర్సిటీల్లో అప్పీలు ప్రభావం ఎక్కువ. ఉదాహరణకి హార్వర్డ్, ఎంఐటీ 2025–26 నుంచి, ఆస్తులు మామూలుగా ఉన్న కుటుంబాలకి, ఆదాయం 2,00,000 డాలర్లలోపు ఉంటే ట్యూషన్ ఉచితమని, 1,00,000 లోపు ఉంటే వసతి, భోజనం కూడా ఉచితమని చెప్పాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల సొంత గ్రాంట్ల నిధి చిన్నది. అక్కడ అప్పీలు నెగ్గినా చివరికి చేతికొచ్చేది కొంచెం లోన్ మార్పు మాత్రమే కావచ్చు. నిధి చిన్నదైన చోట ముందొచ్చినవాళ్లకే దొరుకుతుంది కాబట్టి తొందరపడాలి.

మెరిట్ స్కాలర్‌షిప్‌కి వీటితో సంబంధం లేదు. అది మార్కుల మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం ఉన్నా పోయినా అలాగే ఉంటుంది.

సెవరెన్స్ డబ్బు ఒకేసారి పెద్ద మొత్తంగా వచ్చింది. దానివల్ల ఎయిడ్ తగ్గుతుందా?

రెండు వైపులా తగులుతుంది. వచ్చిన సంవత్సరంలో అది ఆదాయం. బ్యాంకులో మిగిలితే ఫాఫ్సా సంతకం చేసిన రోజుకి అది ఆస్తి. తల్లిదండ్రుల ఆస్తుల్లో గరిష్ఠంగా 5.64 శాతం ఎస్‌ఏఐలోకి చేరుతుంది. 60,000 డాలర్లు బ్యాంకులో ఉంటే ఎక్కువలో ఎక్కువ 3,384. పిల్లల పేరు మీద ఉన్న డబ్బైతే 20 శాతం, కాబట్టి ఆ సెవరెన్స్‌ని పిల్లవాడి అకౌంట్‌లో వేయకండి.

క్రెడిట్ కార్డు బాకీలు ఉంటే ఫాఫ్సా సంతకానికి ముందే తీర్చేయడం మంచిది. ఫాఫ్సా కార్డు అప్పుల్ని చూడదు, బ్యాంకు నిల్వనే చూస్తుంది. ఎలాగూ తీర్చాల్సిన అప్పు తీరుస్తున్నారు కాబట్టి ఇందులో దాచడం ఏమీ లేదు. అప్పీలు లెటర్‌లో కూడా సెవరెన్స్‌ని మళ్లీ మళ్లీ రాని డబ్బుగా విడిగా చూపించండి, దానితో ఎన్ని నెలలు ఇల్లు నడపాలో చెప్పండి. కొందరు అధికారులు దాన్ని ఆదాయంలోంచి తీసేసి లెక్క కడతారు.

ఫీజు కోసం 401కె రిటైర్మెంట్ డబ్బు తీయమంటారా?

వేరే దారి ఏ ఒక్కటి ఉన్నా తీయొద్దు. 401కెలో ఉన్న డబ్బుని ఫాఫ్సా ఆస్తిగా లెక్కించదు. మీరు ఉంటున్న ఇంటి విలువనీ లెక్కించదు. అక్కడున్నంత కాలం ఆ డబ్బు ఎయిడ్‌కి అడ్డు కాదు. బయటికి తీసిన రోజు అది ఆదాయం అయిపోతుంది, దాని మీద ఆదాయపన్ను పడుతుంది, 59½ ఏళ్లు నిండకపోతే చాలా సందర్భాల్లో 10 శాతం అదనపు పన్ను కూడా. పైగా రెండేళ్ల తర్వాత ఆ ఆదాయం ఫాఫ్సాలో ప్రత్యక్షమై రెండో పిల్లాడి ఎయిడ్‌ని తినేస్తుంది. 55 ఏళ్లు నిండిన ఏడాదిలో గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలినవాళ్లకి, ఆ కంపెనీ 401కె మీద 10 శాతం మినహాయింపు ఉంది. వాళ్లైనా ఆదాయపన్ను కట్టాల్సిందే. ఇప్పటికే తీసేసి ఉంటే అది ఒక్కసారి వచ్చిన డబ్బని అప్పీలులో చెప్పండి.

చదువుల పొదుపు ఖాతా 529లో దాచింది ఉంటే ముందు దాన్నే వాడండి. అది దాచింది ఇందుకే.

హైదరాబాద్‌లో ఫ్లాట్, ఊళ్లో పొలం, ఇంట్లో బంగారం ఉన్నాయి. అవీ చెప్పాలా?

మీ పేరు మీద ఉన్న ఫ్లాటు, ప్లాటు చెప్పాలి. మీరు నివాసం ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా ఫాఫ్సా దృష్టిలో పెట్టుబడే. విలువలోంచి దాని మీదున్న అప్పు తీసేసి మిగిలింది డాలర్లలో రాయాలి. ఎన్‌ఆర్‌ఐ అకౌంట్లలోని డిపాజిట్లు, ఇండియా షేర్లు కూడా అంతే. తాతగారి పేరు మీదే ఉన్న పొలం మీ ఆస్తి కాదు, రేపు వాటా వస్తుందని ఇవాళ రాయక్కర్లేదు. ఒంటి మీద వేసుకునే నగలు సొంత వస్తువులు, ఫాఫ్సా అడగదు. పెట్టుబడిగా కొని లాకర్‌లో పెట్టిన బిస్కెట్ల సంగతి వేరు, అవి పెట్టుబడే.

"ఇండియాలో ఉన్నది వీళ్లకెలా తెలుస్తుంది" అనే సలహా మన కూటముల్లో తరచూ వినిపిస్తుంది. వినొద్దు. ఫాఫ్సా మీద మీరు పెట్టేది చట్టబద్ధమైన సంతకం. గ్రీన్ కార్డు దారిలో ఉన్న కుటుంబానికి ఒక తప్పుడు ప్రకటన తెచ్చే చిక్కు ఏ గ్రాంటూ పూడ్చలేదు. ఆదాయం 60,000 డాలర్లలోపు ఉండి, ట్యాక్స్ రిటర్న్ సాదాగా, అదనపు షెడ్యూళ్లు లేకుండా ఉంటే ఆస్తుల లెక్క అడగకుండానే వదిలేసే వెసులుబాటు ఉంది. షేర్లు అమ్మి షెడ్యూల్ డి పెట్టే ఇళ్లకి మాత్రం అది వర్తించదు.

గ్యాస్ స్టేషనో మోటెలో నడుపుతూ దెబ్బతిన్నవాళ్లకి ఒక మంచి కబురు: వంద మందిలోపు ఉద్యోగులున్న కుటుంబ వ్యాపారం విలువని 2026–27 నుంచి మళ్లీ లెక్కలోంచి తీసేశారు.

సీఎస్ఎస్ ప్రొఫైల్ అడిగే కాలేజీలకి కూడా ఇదే పద్ధతా?

కొంచెం వేరు. కాలేజ్ బోర్డు నడిపే ఈ దరఖాస్తుని కొన్ని కాలేజీలు సొంత సాయం లెక్కకి వాడతాయి. ఇందులో ప్రత్యేక పరిస్థితులు రాసుకునే చోటు ఉంటుంది, ప్రస్తుత సంవత్సరపు అంచనా ఆదాయం కూడా అడుగుతారు. ఉద్యోగం పోయిన సంగతి అక్కడే మొదటిసారి రాయండి. అది చాలదు, కాలేజీకి విడిగా మెయిల్ కూడా పంపాలి. ఇంటి విలువని చాలా ప్రైవేటు కాలేజీలు లెక్కిస్తాయి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే వచ్చే తగ్గింపుని ఫాఫ్సా 2024–25 నుంచి తీసేసింది గానీ, సీఎస్ఎస్ కాలేజీలు చాలావరకు ఇంకా చూస్తున్నాయి.

మేం హెచ్-1బి. ఉద్యోగం పోయింది. మా పిల్లలకి ఏ సాయమైనా వస్తుందా?

పిల్లల స్టేటస్ ఏమిటన్నదే ప్రశ్న, మీది కాదు. అమెరికాలో పుట్టిన పాప పౌరురాలు. అమ్మానాన్నలు హెచ్-1బి, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ వీసా) అయినా ఆ పాపకి ఫాఫ్సా అర్హత పూర్తిగా ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా స్టూడెంట్ ఎయిడ్ ఖాతా తెరిచి తన వంతు పూర్తి చేయవచ్చు. భార్యాభర్తలు ఉమ్మడిగా ట్యాక్స్ కట్టి ఉంటే ఇద్దరిలో ఒకరు చాలు. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకీ అర్హత ఉంది.

ఇండియాలో పుట్టి చిన్నప్పుడే వచ్చి, హెచ్-4 మీద ఇక్కడే స్కూలంతా చదివిన పిల్లలకి కేంద్ర సాయం రాదు. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగ్‌లో ఉన్నా రాదు. ఒకే ఇంట్లో అక్కకి రాదు, తమ్ముడికి వస్తుంది. ఇంతకంటే బాధ కలిగించే నియమం ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదనిపిస్తుంది. ఆ అక్కకి మిగిలేది రాష్ట్ర నియమాలు, కాలేజీ సొంత డబ్బు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొద్ది చోట్ల పౌరసత్వంతో నిమిత్తం లేకుండా అవసరమంతా తీరుస్తారు. మిగతా చోట్ల ఒక్కొక్కరినీ అడగాల్సిందే.

ఉద్యోగం పోయాక మీకు గరిష్ఠంగా 60 రోజుల గడువు, దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. హెచ్-4 పిల్లల స్టేటస్ మీ దానికే కట్టుబడి ఉంటుంది. కాలేజీలో ఉన్న పిల్లని ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మార్చాలా అన్నది ఈ గడువులోనే లాయర్‌తో తేల్చుకోండి. ఎఫ్-1 అయితే రాష్ట్రవాసులకి ఉండే తక్కువ ఫీజు (ఇన్-స్టేట్ ఫీజు) పోయే ప్రమాదం ఉంది, కాబట్టి కాలేజీ రెసిడెన్సీ ఆఫీసునీ అదే వారంలో కలవండి.

ఇక్కడ ఉద్యోగం దొరక్క ఇండియా వెళ్లిపోతే, ఇక్కడే చదివే మా అబ్బాయి సంగతి?

అబ్బాయి అమెరికా పౌరుడైతే ఫాఫ్సా అర్హత అలాగే ఉంటుంది. మీరు దేశంలో లేరని అతను స్వతంత్రుడు అయిపోడు. 24 ఏళ్లు వచ్చేదాకా, పెళ్లి లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ వివరాలు ఇవ్వాల్సిందే. అక్కడ వచ్చే జీతం డాలర్లలోకి మార్చి రాయాలి. హైదరాబాద్ జీతం డాలర్లలోకి మారితే చిన్నదవుతుంది కాబట్టి ఎస్‌ఏఐ బాగా తగ్గవచ్చు, అయినా అది ఫాఫ్సాలో కనిపించడానికి రెండేళ్లు పడుతుంది. ఈలోపు అప్పీలే దారి. ఆఫర్ లెటర్, ఇండియా పే స్లిప్ పెట్టండి. ఇన్-స్టేట్ ఫీజు చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రుల నివాసం మీద ఆధారపడుతుంది. టికెట్లు కొనే ముందే ఆ నియమం చదవండి.

సెమిస్టర్ మధ్యలో ఉద్యోగం పోతే వచ్చే ఏడాది దాకా ఆగాలా?

ఆగొద్దు. అక్టోబరులో ఉద్యోగం పోతే అదే ఏడాది స్ప్రింగ్ సెమిస్టర్‌కి అడగవచ్చు. ఎమర్జెన్సీ గ్రాంట్ ఉందా, ఫీజు నెలవారీ వాయిదాల్లో కట్టవచ్చా అని ఫీజులు చూసే బర్సర్ ఆఫీసులో కూడా అడగండి. బాకీ పడి అకౌంట్ మీద హోల్డ్ పడ్డాక చేసే ఫోన్ కంటే ముందే చేసే ఫోన్‌కి మర్యాద ఎక్కువ. కొత్తగా చేరే పిల్లలైతే మే 1 నిర్ణయ తేదీకి ముందే అప్పీలు జవాబు చేతిలో ఉండేలా చూసుకోండి.

ఉద్యోగం లేకపోయినా పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రుల పేరు మీద కేంద్రం ఇచ్చే అప్పు) ఇస్తారట కదా?

ఇస్తారు, భయమంతా అక్కడే. ప్లస్ లోన్ మీ క్రెడిట్ చరిత్రలో పెద్ద మచ్చలున్నాయా అని చూస్తుంది గానీ ఉద్యోగం ఉందా, ఆదాయం ఎంత అని చూడదు. 2025–26లో వడ్డీ 8.94 శాతం, ముందే 4.228 శాతం ఫీజు కోసుకుంటారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్ల పరిమితి పెట్టారు.

క్రెడిట్ కారణంగా ప్లస్ నిరాకరిస్తే అది ఒక రకంగా మేలే. అప్పుడు విద్యార్థికి తన పేరు మీద అదనపు అన్‌సబ్సిడైజ్డ్ లోన్ వస్తుంది. మొదటి ఏడాది మామూలుగా 5,500 అయితే ఇంకో 4,000 కలిసి 9,500. తక్కువ వడ్డీ, మీ మెడకి చుట్టుకోదు. హెచ్-1బి తల్లిదండ్రులకి ప్లస్ తీసుకునే అర్హతే లేదు. ఆ కారణం చూపించి పౌరుడైన పిల్లవాడికి అదనపు లోన్ ఇవ్వమని ఎయిడ్ ఆఫీసుని అడగవచ్చు.

అప్పీలు ఒప్పుకున్నాక కొత్త ఉద్యోగం వస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలా?

అప్పటికి నిజమైన అంచనా ఇచ్చి ఉంటే సాధారణంగా వెనక్కి అడగరు. అయితే కొన్ని కాలేజీల ఫారంలో "పరిస్థితి మారితే తెలియజేస్తాం" అని మీ చేత సంతకం పెట్టిస్తారు. అలా పెట్టి ఉంటే తెలియజేయండి. ఆ తక్కువ ఆదాయపు సంవత్సరం రెండేళ్ల తర్వాత ఫాఫ్సాలో కనిపించి, అప్పటికి మీకు మంచి జీతం ఉన్నా ఎక్కువ ఎయిడ్ రావచ్చు. అది నియమం ప్రకారం వచ్చేదే, తీసుకోండి.

ట్యాక్స్‌లో ఏమైనా కలిసొస్తుందా?

అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే చదువుల పన్ను రాయితీని చాలామంది మర్చిపోతారు. ఏడాదికి ఒక్కో పిల్లకి 2,500 డాలర్ల వరకు, నాలుగేళ్లు. దంపతుల ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర పూర్తిగా పోతుంది. ఇన్నాళ్లూ జీతం ఎక్కువని రాలేదు కాబట్టి దాని ఊసే మర్చిపోయిన ఇంటికి, ఉద్యోగం పోయిన ఏడాది అర్హత వస్తుంది. కట్టాల్సిన పన్ను లేకపోయినా 1,000 డాలర్ల వరకు చేతికొస్తుంది. నిరుద్యోగ భృతి మీద కేంద్ర పన్ను ఉంటుంది, 1099-జి ఫారం వస్తుంది, దాన్ని పక్కన పడేయకండి.

ఈ విషయం పిల్లకి చెప్పకుండా మేమే చూసుకోవచ్చా?

ప్రేమతోనే అడుగుతున్నారు, కానీ కుదరదు. ఎయిడ్ పోర్టల్ పిల్లది, అప్పీలు ఫారం తన పేరు మీదే ఉంటుంది, మెయిళ్లు తనకే వెళ్తాయి. చాలా కాలేజీలు విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా తల్లిదండ్రులతో ఫీజు వివరాలు మాట్లాడవు. నాన్న రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు పట్టుకుని కాఫీ షాపుకి వెళ్లి కూర్చునే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇంటి పిల్ల పోర్టల్‌లో "కాగితాలు అందలేదు" అనే హెచ్చరిక చూసినా ఎందుకో అర్థంకాక వదిలేస్తుంది, గడువు దాటిపోతుంది. కూర్చోబెట్టి చెప్పండి, కాలేజీకి పంపాల్సిన అనుమతి ఫారం అదే రోజు తన చేత సంతకం చేయించండి.

నేను ఎఫ్-1 మీద ఎమ్మెస్ చదువుతున్నాను. విజయవాడలో మా నాన్నగారి ఉద్యోగం పోయింది. నాకేమైనా దారి ఉందా?

ఫాఫ్సా మీకు వర్తించదు. కానీ చదువు మొదలై ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచి ఉంటే "తీవ్ర ఆర్థిక ఇబ్బంది" కింద క్యాంపస్ బయట పని చేసే అనుమతికి అప్లై చేయవచ్చు. మిమ్మల్ని చదివిస్తున్నవాళ్ల ఆర్థిక పరిస్థితి అనుకోకుండా మారడం అందులో చెప్పిన కారణాల్లో ఒకటి. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓని కలవండి. ఆయన సిఫారసుతో మీ విద్యార్థి పత్రం ఐ-20 మారుతుంది, తర్వాత ఐ-765 దరఖాస్తు వేసి, పని అనుమతి ఇచ్చే ఈఏడీ కార్డు రావాలి. అది వచ్చేదాకా బయట ఒక్క గంట కూడా పని చేయకండి, స్టేటస్ పోతుంది. అనుమతి వచ్చాక తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం. నాన్నగారి రిలీవింగ్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎడ్యుకేషన్ లోన్ వాయిదా కాగితాలు ఇప్పుడే తెప్పించుకోండి. డిపార్ట్‌మెంట్‌లో గ్రేడర్, టీఏ ఖాళీలు ఉన్నాయేమో ప్రొఫెసర్లని నేరుగా అడగండి. క్యాంపస్ పనికి ఈఏడీ అక్కర్లేదు.